కాన్పు గదిలో అవమానం జరగకుండా: ఏడో నెల నుంచి ఫిర్యాదు దాకా ఏం చేయాలి

“అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?” నొప్పులు పడుతున్న మనిషిని పట్టుకుని అనే ఈ మాటను ఏ నలుగురు తల్లుల దగ్గర ఎత్తినా, ఒకరైనా “నన్నూ అన్నారు” అంటారు. తొడ మీద చరచడం, అరిస్తే బయటికి పంపేస్తామని బెదిరించడం, తెర కూడా లేని గదిలో బట్టలు తీయించి పడుకోబెట్టడం, ఒక్క మాట చెప్పకుండా కోసి కుట్లు వేయడం కూడా విని ఉంటారు. బిడ్డ క్షేమంగా చేతికొచ్చిందిగా, పోనీలే అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. ఆమె మాత్రం రెండో కాన్పు మాటెత్తితే ఉలిక్కిపడుతుంది.

ఈ మార్గదర్శి గర్భిణి కోసం. అంతకన్నా ఎక్కువగా ఆమె వెంట వెళ్లే అమ్మ, అత్త, అక్క, భర్త కోసం. నొప్పుల మీద ఉన్న మనిషి హక్కుల గురించి వాదించలేదు. ఆ అవసరం రాకుండా చూసుకోవడం, వస్తే ఆమె తరఫున మాట్లాడటం పక్కనున్నవాళ్ల పని.

ముందుగా: ఏది చికిత్స, ఏది దురుసుతనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ఆస్పత్రి కాన్పుల్లో జరిగే అవమానాలు, హింస ఆగాలని ప్రకటన చేసింది. తర్వాతి ఏడాది పరిశోధకులు వాటిని ఏడు రకాలుగా విడదీశారు. కొట్టడం, తిట్టడం, లైంగికంగా వేధించడం ఎవరికైనా తప్పని తెలుస్తుంది. కులం, మతం, వయసు, హెచ్‌ఐవీ చూసి తేడాగా చూడటం ఇంకో రకం. మనవాళ్లు లెక్కలోకి తీసుకోనివి మిగతావి: అడగకుండా లోపల చెయ్యి పెట్టి చూడటం, గంటల తరబడి ఎవరూ పలకకపోవడం, ఏం చేస్తున్నారో చెప్పకపోవడం, మంచం, తెర, సిబ్బంది లేక ఆమె అవస్థ పడటం. ఇవి కూడా ఆ జాబితాలోవే.

2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గుర్తుపెట్టుకోదగ్గది. ఘనా, గినీ, మయన్మార్, నైజీరియా దేశాల్లో పరిశోధకులు కాన్పు గదుల్లో నిలబడి చూశారు, తర్వాత తల్లులతో మాట్లాడారు. మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ మందికి ఏదో ఒక రకం దుర్వ్యవహారం ఎదురైంది. వయసు తక్కువైనవాళ్లు, చదువు తక్కువైనవాళ్లు ఎక్కువగా గురయ్యారు. తిట్లూ దెబ్బలూ బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి, పుట్టిన పావుగంట దాకా అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నాయి. అంటే తోడు మనిషిని “ఇంక మీరు బయటికి వెళ్లండి” అని పంపించే సమయమే ఆమెకు తోడు అత్యవసరమైన సమయం. కింద చెప్పబోయే వాటిలో చాలావరకు ఆ ముప్పావుగంట చుట్టూ తిరుగుతాయి.

సిబ్బంది కష్టం లేదని కాదు. ఒక్క స్టాఫ్ నర్సు నలుగురిని చూసుకుంటూ, మధ్యలో రిజిస్టర్లు రాసుకుంటూ, రాత్రంతా నిలబడే ఉంటుంది. ఆ కోపం తీరేది మాత్రం మంచం మీద కదల్లేని మనిషి మీద.

మొదటి మెట్టు: ఏడో నెలలో ఆస్పత్రి చూసి రండి

కాన్పు ఎక్కడో ముందే ఖాయం చేసుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. వెళ్లడం ఎలాగూ వెళ్తాం. ఎక్కడికి అన్నదే మన చేతిలో ఉన్న ముక్క.

ప్రైవేటుకు వెళ్తే మర్యాద గ్యారంటీ అనుకోవద్దు. గది చల్లగా ఉంటుంది, మాట మెత్తగా ఉంటుంది, ఏం జరుగుతోందో చెప్పడం మాత్రం అక్కడా తక్కువే. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల వరకే తీసుకుంటే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. ఇందులో ముహూర్తం పెట్టించుకుని కోయించుకునే మన వాటా కూడా ఉంది, అది వేరే గొడవ. నార్మల్ అవుతుందని తొమ్మిది నెలలు చెప్పి, చివరి రోజు బిడ్డ ప్రాణం మీద భయం పెట్టి, కారణం చెప్పకుండా సంతకం తీసుకుంటే అది కూడా అగౌరవమే.

ప్రభుత్వాసుపత్రికి చెకప్‌కు వెళ్లిన రోజున లేబర్ రూమ్ వైపు ఒకసారి నడవండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టర్ చూస్తారు, ఆ రోజైతే ఆశా కార్యకర్త కూడా వెంట ఉంటుంది. గర్భిణిని లోపలికి తీసుకెళ్లక్కర్లేదు, మీరు చూసి రండి. మంచాల మధ్య తెరలున్నాయా? లోపల బాత్రూమ్ ఉందా? గోడ మీద ‘లక్ష్య’ బోర్డు ఉందా? కాన్పు గదుల నాణ్యత కోసం కేంద్రం 2017 డిసెంబరులో మొదలుపెట్టిన కార్యక్రమం అది. తల్లికి చాటు, గౌరవం, తోడు మనిషి ఉండటం అందులో తనిఖీ చేసే అంశాలు. బోర్డు ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉంటాయని కాదు, కానీ రేపు మాట్లాడాల్సి వస్తే ఆ బోర్డే మీకు ఆధారం.

అక్కడ మిడ్‌వైఫ్ ఉందేమో కూడా అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఆ శిక్షణ పొందినవాళ్లు నడిపించడం, వీపు రుద్దడం, బంతి మీద కూర్చోబెట్టడం, ఆమెకు వీలైన భంగిమలో కాన్పు చేయడం వంటివి చేస్తారు.

పుట్టింట్లో పురుడు పోసుకునేవాళ్లకు ఇంకో చిక్కు. చూపించుకున్నది అత్తారి ఊరి పీహెచ్‌సీలో, కాన్పు అమ్మగారి ఊళ్లో. “ఇక్కడ చూపించుకోలేదుగా” అని విసుక్కోవడం అక్కడ మామూలు. ఎనిమిదో నెలలోపే పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించి, అక్కడి ఆస్పత్రిలో ఒక్క చెకప్పైనా చేయించండి. కొండ మీది గూడేలవాళ్లైతే నొప్పులు వచ్చేదాకా ఆగకుండా, మన్యం జిల్లా సాలూరులో నడుస్తున్నలాంటి గర్భిణుల వసతి గృహం దగ్గర్లో ఉందేమో కనుక్కోవాలి.

రెండో మెట్టు: తోడు మనిషిని ఎంచుకోవడం

నా లెక్కలో మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం. లోపల మనవాళ్లు ఒకరు నిలబడి ఉంటే నోరు పారేసుకునేవాళ్లు కూడా తగ్గుతారు. నొప్పులు పడే మనిషికీ భయం తగ్గుతుంది, కాన్పు తేలికవుతుంది.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే అవకాశం కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే రాష్ట్రాలకు చెప్పింది. షరతులు కొన్ని ఉన్నాయి: తోడు వచ్చే మనిషి కూడా కాన్పు అయిన స్త్రీ అయి ఉండాలి, అంటురోగం ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, మొదటి నుంచి చివరి దాకా ఉండగలగాలి, సిబ్బంది పనికి అడ్డురాకూడదు, పక్క మంచాల మీదివాళ్ల విషయంలో కలగజేసుకోకూడదు. తగిన చాటు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలైతే ఆమె కోరుకున్నవాళ్లు ఎవరైనా సరే అంటాయి.

ఇంట్లో పెద్దరికం చూసి మనిషిని ఎంచుకోవద్దు. అత్తగారంటే కోడలికి బెరుకైతే అత్తగారు బయటే ఉండాలి, అంతే. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు, ప్రతిదానికీ గొంతు పెంచేవాళ్లు, “మా రోజుల్లో అయితే పొలంలోనే కనేవాళ్లం” అని మొదలుపెట్టేవాళ్లు వద్దు. రాత్రంతా నిలబడగలిగిన పిన్నో, అక్కో, వదినో మేలు. ఆమెకు కుదరకపోతే ఇంకెవరో కూడా ముందే అనుకోండి. ఎవరనేది గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, నలుగురి ముందు అడిగితే మొహమాటానికి “అత్తమ్మే” అంటుంది.

మూడో మెట్టు: కాగితాలు

మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సు ఒక ఫైల్లో పెట్టండి. వాటి పైన ఒక తెల్లకాగితం పిన్ చేయండి. అందులో ఇంత రాస్తే చాలు:

“పేరు: ____. మొదటి కాన్పు. తోడు ఉండేది: పిన్ని ____, ఫోన్ ____. లోపల చూసేముందు, సూది వేసేముందు, కోసేముందు మాకు ఒక మాట చెప్పండి. నడవడానికి, పక్కకు తిరిగి పడుకోవడానికి వీలుంటే అనుమతించండి. కాపర్ టీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి ఇప్పుడు నిర్ణయం తీసుకోలేదు, అడగకుండా వేయవద్దు. బిడ్డను పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టండి.”

చివరి చెకప్‌లో డాక్టర్‌కు చూపించి, కార్డు మీద “తోడు మనిషి ఉంటారు” అని ఒక ముక్క రాయించుకోగలిగితే చాలా గొడవలు తప్పుతాయి. అందరూ రాయరు. అడగడానికి మాత్రం ఖర్చేం లేదు.

నాలుగో మెట్టు: ఆస్పత్రి గడప దగ్గర

నొప్పులు మొదలయ్యాక 102కు ఫోన్ చేస్తే తెలంగాణలో అమ్మ ఒడి వాహనం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ ముఖ్యంగా కాన్పు తర్వాత ఇంటికి దింపడానికి, అక్కడ నొప్పులొస్తే 108కే ఫోన్ చేయండి. రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా ఎక్కడైనా 108కే.

“ఇంకా టైముంది, ఇంటికెళ్లండి” అన్నారనుకోండి. అది ఒక్కోసారి సరైన సలహానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అసలు నొప్పులు గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే మొదలైనట్టు. అయినా వెళ్లేముందు ఎంత తెరుచుకుంది, బిడ్డ గుండె ఎలా ఉంది, ఏం కనిపిస్తే తిరిగి రావాలి అనే మూడూ ఓపీ చీటీ మీద రాయమనండి. చూడకుండానే పంపిస్తే మాత్రం కదలొద్దు. డ్యూటీ డాక్టర్‌ను పిలవమనండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వాసుపత్రి వైద్యం నిరాకరిస్తే అది జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తే కారణం, టైము, ఇచ్చిన మందులు రాసిన చీటీ, అంబులెన్స్ రెండూ వాళ్లే ఇవ్వాలి.

అడ్మిషన్ అయ్యాక ఒక పని మరవొద్దు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను పేరు అడిగి, మనమ్మాయి పేరు చెప్పండి. “సిస్టర్, మా అమ్మాయి పేరు ఇదండీ, మొదటి కాన్పు, బాగా భయపడుతోంది. నేను పిన్నిని, లోపల ఉంటాను.” ‘మూడో బెడ్ కేసు’గా ఉన్న మనిషికి ఒక పేరు వస్తుంది. పేరు తెలిసిన మనిషిని తిట్టడం కాస్త కష్టం.

ఐదో మెట్టు: లోపల

తోడు మనిషిని ఆపితే గొడవ పడకుండా 2016 ఉత్తర్వు, లక్ష్య సంగతి ఒక్కసారి చెప్పండి. వినకపోతే ఆర్‌ఎంవోకు (ఆస్పత్రి రెసిడెంట్ వైద్యాధికారికి) గానీ, సూపరింటెండెంట్ ఆఫీసుకు గానీ వెంటనే ఫోన్ చేయించండి. పక్కన ఇంకొకరి కాన్పు జరుగుతోంది, తెర లేదు అంటే అది న్యాయమైన అభ్యంతరం. అప్పుడు చీరైనా అడ్డంగా కడదామనండి.

లోపల తోడు మనిషి పని నీళ్లు తాగించడం, చెయ్యి పట్టుకోవడం, వీపు రుద్దడం, చెవిలో ధైర్యం చెప్పడం. ప్రమాదం లేని కాన్పులో నీళ్లు, తేలికపాటి ఆహారం ఆపాల్సిన అవసరం లేదు. నడవనివ్వాలి. అరిస్తే అరవనివ్వాలి. “అరిస్తే బిడ్డ పైకిపోతుంది” అని బెదిరిస్తుంటారు, అందులో నిజం లేదు.

లోపల చూడటం విషయానికి వద్దాం. నొప్పులు సవ్యంగా సాగుతుంటే నాలుగు గంటలకు ఒకసారి చూస్తే చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బోధనాసుపత్రుల్లో ఒకరి తర్వాత ఒకరు విద్యార్థులు వచ్చి చూస్తుంటారు. అప్పుడు తోడు మనిషి మెల్లగా, “మేడమ్, ఇందాకే ఒకరు చూశారు, ఇంకోసారి అవసరమాండీ? అవసరమైతే ఒక్కరే చూడండి, చూసేముందు చెప్పండమ్మా, బిగుసుకుపోతోంది” అనాలి. నేర్చుకోవడం కోసం చూస్తామంటే వద్దనే హక్కు ఆమెకుంది. మగ డాక్టర్ చూసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన ఆ పత్రాన్ని కేంద్రం 2019లో రాష్ట్రాలకు పంపింది.

గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాల్సిందే అనే తొందర కూడా పాత లెక్కే. ఆ లెక్క కోసం నొప్పుల సూది పెంచుతుంటే ఎందుకని అడగండి. పొట్ట మీద మోచేత్తో బలంగా నొక్కి బిడ్డను కిందికి తోయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. ఎవరైనా స్టూలెక్కి నొక్కబోతుంటే “అలా నొక్కకండమ్మా, డాక్టర్‌గారిని పిలవండి” అని గట్టిగానే అనొచ్చు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఎవరైనా తిట్టినా, చెయ్యి ఎత్తినా ఎదురు తిట్టొద్దు. ఆమె ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది. ముఖం చూసి, తగ్గు స్వరంలో, “కొట్టకండి సిస్టర్. ఏం చేయాలో చెప్పండి, నేను చేయిస్తాను” అనండి. అదే మాట రెండోసారి కూడా. బయటున్న మగవాళ్లకు కబురుపెట్టి లోపలికి దూసుకురమ్మనడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. ఆస్పత్రి సిబ్బంది మీద దాడిని బెయిల్ దొరకని నేరంగా చేసిన చట్టం 2008 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఒక్క తోపులాట జరిగితే తప్పు చేసినవాళ్లే బాధితులైపోతారు. కెమెరాతో జాగ్రత్త: పక్క మంచాల మీద ఇంకా ఆడవాళ్లున్నారు. వీడియో కన్నా టైముతో సహా ఫోన్‌లో రాసుకున్న నోట్ మేలు.

ఆరో మెట్టు: కోత, కాపర్ టీ, సంతకం

కిందిభాగంలో కోత ప్రతి మొదటి కాన్పుకూ పెట్టాల్సింది కాదు. అవసరమైతే కోస్తారు, కానీ మత్తు సూది వేసి, చెప్పి. కుట్లకూ అంతే. “రెండు కుట్లేగా, ఓర్చుకో” అంటూ మత్తు లేకుండా కుట్టడం చికిత్స కాదు. “సూది వేశారా అండీ? ఇంకా తెలుస్తోందంటోంది” అని తోడు మనిషి అడిగేదాకా కొన్నిచోట్ల ఆ సూది రాదు.

బిడ్డ పుట్టగానే, మాయ పడ్డాక కాపర్ టీ వేసే పద్ధతి ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. మంచి సాధనమే. నొప్పుల మధ్యలో “సరేనా?” అంటే “ఊఁ” అనడాన్ని అంగీకారం అనలేం. ఏడో నెలలోనే ఆలోచించుకుని ఔననో కాదనో కాగితంలో రాయండి. డిశ్చార్జి చీటీలో “పీపీఐయూసీడీ” అని ఉందేమో చూడండి. ఆమెకు తెలియకుండా వేసి ఉంటే తెలిసేది అక్కడే. ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) కూడా అంతే, భర్త సంతకం ఆమె సంతకానికి బదులు కాదు.

సిజేరియన్‌కు సంతకం అడిగితే మూడు ప్రశ్నలు: ఎందుకు, ఇప్పుడే చేయాలా, ఆగితే ఏమవుతుంది? బిడ్డ గుండె పడిపోతుంటే డాక్టర్ ఒక్క ముక్కలో చెబుతారు, అప్పుడు వెంటనే సంతకం పెట్టండి. చర్చకు అది సమయం కాదు. టైమున్నప్పుడు మాత్రం ఖాళీ ఫారం మీద పెట్టొద్దు. ఒక పనికి ఇచ్చిన అంగీకారం ఇంకో ఆపరేషన్‌కు వర్తించదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది.

ఏడో మెట్టు: బిడ్డ పుట్టాక, మామూళ్లు

పుట్టిన మొదటి గంట బిడ్డ తల్లి గుండెల మీద ఉండాలి, ఇద్దరూ బాగుంటే. ఆడపిల్ల అని తెలియగానే “మళ్లీ ఆడపిల్లేనా” అని మొహం చిట్లించే ఆయాలున్నారు, బయట నిలబడ్డ మన బంధువులూ ఉన్నారు. ఎవరు ముందు అంటారో చెప్పలేం.

ఆ తర్వాత వచ్చేది డబ్బు. బిడ్డను చూపించడానికి, స్ట్రెచర్ తోయడానికి, స్నానం చేయించడానికి తలా ఒక రేటు. మగబిడ్డకు ఒకటి, ఆడబిడ్డకు ఒకటి. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకలు అన్నీ ఉచితం. మామూలు కాన్పైతే 3 రోజులు, సిజేరియనైతే 7 రోజుల దాకా భోజనం కూడా. సంతోషంగా ఇస్తే తప్పేంటి అనేవాళ్లుంటారు. ఆ ‘సంతోషమే’ పక్క మంచం మీది కూలీ మనిషికి రేటు అవుతుంది. ఇవ్వనందుకు బాలింతను పలకరించడం మానేస్తే, ఎవరు ఎంత అడిగారో రాసిపెట్టండి. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబరు 1064.

ప్రైవేటులో బిల్లు కట్టలేదని తల్లినో బిడ్డనో పంపకుండా ఆపడం చెల్లదు. బాకీ వసూలుకు వాళ్లకు వేరే దారులున్నాయి.

ఎనిమిదో మెట్టు: జరగకూడనిది జరిగితే, మొదటి మూడు రోజులు

రాసుకోండి. తేదీ, టైము, ఏ గది, ఎవరున్నారు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. “దురుసుగా ప్రవర్తించారు” అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. “రాత్రి 2.10కి, నీలం చీర కట్టుకున్న స్టాఫ్ నర్సు ఎడమ తొడ మీద రెండుసార్లు కొట్టారు, ‘నోర్మూసుకో’ అన్నారు” అని రాస్తే విచారణ చేసేవాళ్లకు పట్టుకోవడానికి కొస దొరుకుతుంది. పేరు తెలియకపోయినా డ్యూటీ చార్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఒంటి మీద గుర్తులుంటే తేదీ పడేలా ఫోటో తీసి, ఇంకో డాక్టర్‌కు చూపించి చీటీ రాయించుకోండి.

కేస్ షీటు నకలు అడగండి. వైద్యుల నియమావళి (2002) ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ప్రభుత్వాసుపత్రి ఇవ్వకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల గడువు.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. భర్త పౌరుషం కోసమో, వాట్సాప్ గ్రూపు కోసమో కాదు. తన ఒంటి గురించి నలుగురు చదువుతారని ఆమెకు తెలియాలి.

తొమ్మిదో మెట్టు: ఫిర్యాదు రాయడం, ఎక్కించడం

ఒక పేజీ దాటొద్దు. ఇలా ఉంటే చాలు:

“సూపరింటెండెంట్ గారికి. నేను ____ తేదీన మీ ఆస్పత్రిలో ప్రసవించాను (ఐపీ నంబరు ____). ఆ రాత్రి ____ గంటలకు లేబర్ రూమ్‌లో జరిగినవి: 1. ____ 2. ____. నాతో ఉన్న ____ చూశారు. తోడు మనిషిని ____ గంటలకు బయటికి పంపించారు. నేను కోరేది: విచారణ జరిపి ఫలితాన్ని రాతపూర్వకంగా తెలపాలి, కేస్ షీటు నకలు ఇవ్వాలి, ఇకపై కాన్పు అయ్యేవరకు తోడు మనిషిని ఉండనివ్వాలి.”

ఆ మూడో కోరిక మానొద్దు. ఒక నర్సును బదిలీ చేస్తే ఆమె కోపం ఇంకో ఊరికి వెళ్తుంది. తెర కట్టించడం, తోడు మనిషిని ఉండనివ్వడం ఆ గదిలో మిగిలిపోతాయి.

మొదట సూపరింటెండెంట్‌కు లేదా పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు. పదిహేను రోజులు చూసి జిల్లా వైద్యారోగ్య అధికారికి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. అక్కడిచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, అది దాచుకోండి. ఫోన్‌లో అయితే 104. మహిళల హెల్ప్‌లైన్ 181. కేంద్రం 2019 అక్టోబరులో తెచ్చిన ‘సుమన్’ పథకం గర్భిణికి గౌరవంగా, ఉచితంగా సేవ అందాలనీ, నిరాకరణను సహించేది లేదనీ చెబుతుంది. అర్జీలో ఆ పేరు రాయండి.

కొట్టడం, లైంగికంగా తాకడం జరిగితే పోలీసులకు. నలుగురి ముందు కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేస్తారు. హెచ్‌ఐవీ ఉందని కాన్పుకు నిరాకరిస్తే, అలాంటి వివక్షను నిషేధించే 2017 చట్టం ఉంది. వైద్యుడి తప్పైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు రాయాలి.

ప్రైవేటు ఆస్పత్రి, అంటే డబ్బు కట్టి తీసుకున్న సేవ అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు. పూర్తిగా ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి మీద ఆ దారి లేదు. లాయర్ ఖర్చు భరించలేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ చూస్తుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

పదో మెట్టు: ఆమె సంగతి

కాగితాల హడావుడిలో బాలింతను మరిచిపోతుంటాం. నిద్రపట్టకపోవడం, ఆస్పత్రి వాసన తగిలితే వణుకు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది బాలింత నీరసం కాదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రాణం మీద విరక్తి మాటలు వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంట్లో చేయాల్సింది ఒకటే: ఆమె చెబుతుంటే వినడం. “అందరూ కనలేదా” అని మధ్యలో ఆపొద్దు. ఇప్పుడు చెప్పకపోతే ఆర్నెల్లకు చెబుతుంది. అప్పటికి ఫిర్యాదు చేయాలనిపించినా వీలుండేలా డిశ్చార్జి చీటీ, మందుల బిల్లులు, రాసుకున్న నోట్సు బీరువాలో ఒకేచోట రెండేళ్ల పాటు ఉంచండి.